బియ్యం డబ్బా గుర్తు

బోధన్,
12 డిసెంబర్ 2004, ఆదివారం

మా రంగుల రాజమల్లన్నకు,

నీ ఉత్తరం అందింది. అరబ్బీలో ఒక్క ముక్క రాకుండానే షార్జాలో మందుల దుకాణానికి బోర్డు రాసి, ఎక్కడో ఒక చుక్క ఎక్కువ పెట్టి తిట్లు తిన్నావని చదివి వినిపిస్తే అవ్వ కడుపు పట్టుకొని నవ్వింది. "అచ్చరం రాకుంటె ఏంది, బొమ్మ గీసినట్టు గీస్తడు నా కొడుకు" అన్నది. నిన్ను తిట్టినవాడిని మాత్రం ఊరుకోలేదులే, చాలాసేపు తిట్టింది.

నీ ఉద్యోగం ఏమిటో సరిగ్గా చెప్పు అని రాశావు. చెప్తాను, ఓపిగ్గా విను. హైదరాబాద్‌లో నన్ను నాలుగు నెలలు కూర్చోబెట్టుకున్న కంపెనీ ఒక మిషను చేసింది. చూడటానికి టీవీలా ఉంటుంది, అద్దం మీద వేలు పెడితే పని చేస్తుంది. దాన్ని మన శక్కర్‌నగర్ రోడ్డులో సీమోను టెలిఫోన్ బూత్‌లో పెట్టారు. అలాంటిదే ఒకటి మీ క్యాంపు దగ్గర కిరాణా దుకాణంలో ఉందని నువ్వే రాశావు కదా. అక్కడి మగవాళ్లు అందులో మాట్లాడతారు, ఇక్కడి ఆడవాళ్లు వారానికోసారి వచ్చి ఆ మాట వింటారు, జవాబు చెప్తారు. మన ఆడవాళ్లకు చదువు లేదు కనుక అద్దం మీద అక్షరం ఒక్కటి కూడా ఉండదు, అన్నీ బొమ్మలే. ఎవరి గుర్తు వాళ్లది. కత్తెర ఒకరిది, నిచ్చెన ఒకరిది, కోడిపుంజు ఇంకొకరిది. ఆ బొమ్మలు గీసేది, బూత్‌లో కూర్చొని ఆడవాళ్లకు నేర్పేది నేను. అడ్డం ముప్పై రెండు గళ్లు, నిలువు ముప్పై రెండు గళ్లు, అందులోనే ఏది గీసినా. ఎన్నికలకు గోడ మీద ఆరడుగుల గుర్తులు వేసిన మన బాపు కన్నబిడ్డకు గోరంత చోటు ఇచ్చి గీయమన్నారు.

దానికి నాకు బాధ లేదు. నా బాధంతా మా మేనేజర్ సారుతో. కొత్త మాట వచ్చిందని తెలపడానికి నేను గోడ మీద కాకిని గీశాను. కాకి అరిస్తే ఎవరో వస్తున్నారని మన ఇళ్లలో ఎవరికి తెలియదు? సారు కాకి వద్దన్నాడు, కవరు గీయమన్నాడు. మన ఆడవాళ్లు జీవితంలో అలాంటి మూడు మూలల మూత ఉన్న కవరు చూసి ఉండరు. దాన్ని చూసి ఒకామె తలకింది మెత్త అన్నది, ఇంకొకామె సబ్బు అన్నది. సంతోషం, దుఃఖం చెప్పడానికి పసుపుపచ్చ గుండ్రటి ముఖాలు పెట్టమన్నాడు, ప్రపంచమంతా అవే వాడుతున్నారట. మన గల్లీ పెంటవ్వ ఆ ముఖాన్ని తేరిపార చూసి "ఈయనకు పసిరికలైనట్టున్నయి, మందు పోసిండ్రా" అని అడిగింది, కామెర్ల రోగి అనుకొని. నేను ఆ మాట ఉన్నదున్నట్టు రాసి పంపాను. నీ పని గీయడం, వ్యాఖ్యానం కాదు అని జవాబు వచ్చింది.

ఇంకో వింత విను. నేను గీసినవాటిలో ఒక్క బొమ్మను మాత్రం మెచ్చుకున్నారు. వద్దనుకున్న మాటను తీసి పడేయడానికి చెత్తడబ్బా కావాలన్నారు. తీగలతో అల్లిన బుట్టకు మూత పెట్టిన ఫోటో ఒకటి నా ముందు పెట్టారు. చెత్తకు మూత ఎందుకో నాకు అర్థం కాలేదు. మన చెత్త పెంటకుప్ప మీదికి పోతుంది, దానికి డబ్బా ఎవరు కొంటారు? అయినా మూత డబ్బా గీయమన్నారు కదా అని కళ్లు మూసుకొని, మనసుకు వచ్చిన డబ్బాను గీశాను. గుండ్రటి మూత, దానికి చిన్న పిడి, నడుముకు రెండు గీతలు. రెండు నెలల లెక్క మొన్న వచ్చింది. కవరు ఎవరికీ తెలియలేదు, ముఖాలు తెలియలేదు, డబ్బాను మాత్రం నలభై ముగ్గురు ఆడవాళ్లు కలిసి ఆరు వందల పన్నెండు సార్లు నొక్కారట. అందరికీ చూడగానే అర్థమైన గుర్తు ఇదొక్కటేనని, నా పేరు రాసి, పై దేశంలో ఉన్న పెద్దలకు నివేదిక పంపారు. సారు ఫోన్ చేసి శభాష్ అన్నాడు.

నాకు సంతోషం రావాలి కదా? రాలేదు. ప్రేమగా గీసిన కాకి పోయింది, ఏ ఆలోచనా లేకుండా గీసిన చెత్తడబ్బాకు పేరు వచ్చింది. బాపు అయితే ఏ గుర్తయినా గోడకెక్కించే ముందు నేల మీద బొగ్గుతో గీసి, నీళ్లకు పోయే ముసలమ్మను ఆపి "ఇదేందవ్వా" అని అడిగేవాడు. ఆమె చెప్పేదాకా సున్నం డబ్బా తెరిచేవాడు కాదు. నువ్వూ నేనూ ఎండలో నిలబడి విసుక్కునేవాళ్లం. ఇప్పుడు విసుక్కోవడానికి కూడా ఆయన లేడు.

ఎండకు తలకు గుడ్డ కట్టుకో. అవ్వ మరీ మరీ చెప్పమన్నది.

నీ ముక్కోపి చెల్లె,
గంగమణి

*

బోధన్,
23 జనవరి 2005, ఆదివారం

అన్నా, నా బంగారు అన్నా,

ఈసారి నవ్వించే మాట ఒక్కటి కూడా లేదు నా దగ్గర. చదివేముందు కూర్చో.

రెంజల్ నర్సన్న సంగతి నీకు నాకంటే ముందే తెలిసి ఉంటుంది. మీ క్యాంపులోనే పక్క బ్లాకులో ఉండేవాడని, ఇద్దరూ ఒకే బస్సులో పనికి పోయేవాళ్లని ఒకసారి రాశావు. డిసెంబర్ ఇరవై ఏడున పడుకున్నవాడు పడుకున్నట్టే పోయాడన్నారు. శవం రావడానికి పదకొండు రోజులు పట్టింది. భార్య భీమవ్వ మనకు రెండు గల్లీల అవతల తల్లిగారింట్లోనే ఉంటుంది, బీడీలు చేస్తుంది. మన బూత్‌లో కత్తెర గుర్తు ఆమెదే.

మొన్న గురువారం వచ్చింది. బూత్ బయట బకెట్ దగ్గర సబ్బుతో చేతులు కడుక్కొని, కొంగుతో తుడుచుకొని లోపలికి వచ్చింది. తంబాకు చేతులతో అద్దం ముట్టుకుంటే మరకలు పడతాయని నేనే ఒకప్పుడు విసుక్కున్నాను, అది గుర్తుపెట్టుకున్నది. స్టూలు మీద కూర్చొని నెమ్మదిగా అన్నది, "ఆయన మాటలు ఇనాలె గంగమణీ. డబ్బా తెరువు."

ఏ డబ్బా అక్కా అన్నాను.

"బియ్యం డబ్బా. మంచిగనిపిచ్చినయన్ని అండ్ల దాసుకున్న. పదకొండున్నయి."

అద్దం మీద వేలు పెట్టి నా చెత్తడబ్బాను చూపించింది.

అన్నా, మిషనుకు ఏదో రోగం వచ్చింది, వచ్చే వారం రా అక్కా అని నోటికి వచ్చిన అబద్ధం చెప్పి పంపేశాను. ఆమె సరే అని తల ఊపింది. మెట్లు దిగుతూ వెనక్కి తిరిగి, "అండ్లనే ఉంటయి కదా, పోవు కదా" అన్నది. పోవు అన్నాను.

ఇంటికి వచ్చి వంటింట్లోకి పోయి నిలబడ్డాను. మూలకు అవ్వ బియ్యం డబ్బా ఉంది. గుండ్రటి మూత, దానికి చిన్న పిడి, నడుముకు రెండు గీతలు. కళ్లు మూసుకొని నేను గీసింది దీన్నే. నాకు తెలిసిన మూత డబ్బా ప్రపంచంలో ఇదొక్కటే, ఇంకేం గీస్తాను? మూత తీసి బియ్యంలో చెయ్యి పెట్టాను. అవ్వ కమ్మలు, రేషన్ కార్డు, బాపు చేతిగడియారం, అన్నీ అందులోనే ఉన్నాయి. ప్లాస్టిక్ సంచిలో చుట్టి నీ ఉత్తరాలు కూడా అందులోనే ఉన్నాయి అన్నా. పోకూడదు అనుకున్న ప్రతిదాన్నీ బోధన్‌లో ప్రతి ఇల్లాలూ ఇందులోనే దాస్తుంది. ఇంత తెలిసినదాన్ని, ఈ ఇంట్లోనే పుట్టినదాన్ని, దీన్ని గీసి, లోపల వేసినవన్నీ చెరిపేయమని మిషనుకు చెప్పాను.

మరునాడు మిగతా ఆడవాళ్ల ఇళ్లకు పోయాను. ఏదో లెక్క రాసుకుంటున్నట్టు అడిగాను. అందరిదీ అదే మాట. మంచి మాట వస్తే డబ్బాలో వేశారు. మరి తెరిచి మళ్లీ ఎందుకు వినలేదంటే పెంటవ్వ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూసింది. "దాసుకున్నది దినాం తీసి సూస్తమా" అన్నది. నిజమే కదా. లైనులో ఒక్కొక్కరికి పది నిమిషాలు, కొత్త మాట వినడానికే చాలదు. పైగా డబ్బాను నొక్కగానే నిజంగానా అని మిషను అడుగుతుంది, పచ్చటి టిక్కు చూపించి. బీడీ కార్ఖానాలో లెక్క రాసే ముంషీ కార్డు మీద టిక్కు పెడితే సరుకు పాసైనట్టు. వీళ్లు సంతోషంగా ఆ టిక్కునూ నొక్కారు. ఆరు వందల పన్నెండు సార్లు అన్నా. నాకు శభాష్ వచ్చింది దానికే.

హైదరాబాద్‌కు ఫోన్ చేశాను. డబ్బాలో పడ్డవి ఏడు రోజులు ఉండి తర్వాత పూర్తిగా పోతాయట, ఎవరూ తిరిగి తేలేరట. నా చేయి విరిగిపోతే బాగుండుననిపించింది.

నర్సన్న గదిలో వాళ్లను ఎవరినైనా కలిశావా? ఆయన ఏం మాట్లాడేవాడో, ఎలా ఉండేవాడో, ఏదైనా సరే రాయి.

మొహం చెల్లని చెల్లె,
గంగమణి

*

బోధన్,
20 ఫిబ్రవరి 2005

అన్నా,

నీ జవాబు ఇంకా రాలేదు. వచ్చేదాకా ఆగేంత ఓపిక నాకు లేదు, నీకు తెలుసు కదా, బాపు గుర్తు ఆరకముందే వేలు పెట్టి చూసేది నేనే.

పోయిన వారం మేనేజర్ సారు నిజామాబాద్ వచ్చాడు. బస్సెక్కి పోయి కలిశాను. మొత్తం చెప్పాను. అవ్వ బియ్యం డబ్బా కొలతలతో సహా చెప్పాను. ఆయన అంతా విని, వాడేవాళ్లు పొరపాటు చేశారు, వాళ్లకు నువ్వు సరిగ్గా నేర్పలేదు అన్నాడు. ఆడవాళ్లు అడిగితే లైను పాడై పోయాయని చెప్పు, బొమ్మ మాట ఎత్తకు అన్నాడు. బొమ్మ మారుస్తాను అంటే కుదరదన్నాడు. ఆ డబ్బా గురించి పై దేశంలో ఒక సభలో చెప్పబోతున్నారట. పల్లెటూరి ఆడవాళ్లు ఒక్క చూపుతో అర్థం చేసుకున్న గుర్తు అని. నాకు నవ్వాలో కొట్టాలో తెలియలేదు. వాళ్లు అర్థం చేసుకున్నారు సారూ, మనమే అర్థం చేసుకోలేదు అన్నాను. టీ తాగి వెళ్లమన్నాడు. తాగకుండా వచ్చేశాను, తర్వాత ఇందల్వాయి దాకా ఎవరి పెళ్లికో పోతున్న బస్సులో పొరపాటున ఎక్కి, డిచ్‌పల్లిలో దిగి తిరిగి వచ్చాను. అంత కోపం మీద ఉన్నాను.

కోపం ఆయన మీద కొంచెమే అన్నా. ఆయనకు మన వంటిల్లు తెలియదు. నాకు తెలుసు. నాలుగు నెలలు ఆ చల్లటి గదిలో కూర్చొని, ఒక్కసారైనా అవ్వకు ఫోన్ చేసి, మూత, పిడి, రెండు గీతలు, ఇదేమిటి అని అడిగానా? బాపు దారిన పోయే ముసలమ్మను అడిగేవాడు, నేను కన్నతల్లిని అడగలేదు. నాకు అన్నీ తెలుసుననుకున్నాను.

నీకు ఇంకో సంగతి దాచాను. ఇప్పుడు చెప్తాను. నర్సన్న మాట ఒకటి మిగిలి ఉంది.

డబ్బాలో వేయని పాత మాటలు ఇంకో బొమ్మ కిందికి పోతాయి. అది కాగితాలు పెట్టుకునే ఫైలు బొమ్మ. మన ఆడవాళ్లు దాన్ని పట్టా పుస్తకం అనుకున్నారు. భూమి కాగితాలు మగవాళ్ల వ్యవహారం, మనకెందుకులే అని నలభై ముగ్గురిలో ఒక్కరు కూడా దాన్ని ముట్టుకోలేదు. భీమవ్వ వచ్చి వెళ్లిన రోజే నేను దాన్ని తెరిచాను. కత్తెర గుర్తు కింద ఒక్కటంటే ఒక్కటి ఉంది. డిసెంబర్ పద్నాలుగున వచ్చింది. విన్నాను. వినకుండా ఉండాల్సింది.

ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "భీమవ్వా, పొల్లను బడి మాన్పిచ్చి బీడీలకు కూసోవెట్టినవట. మీ తమ్ముడు చెప్పిండు. నేను గీడ ఎండల ఎవలకోసం మాడుతున్ననే? అది మల్ల బడికి వోయేదాంక నీతోని మాట్లాడ." అంతే. ఆ తర్వాత పదమూడు రోజులకు పోయాడు. ఆ పదమూడు రోజుల్లో ఇటు నుంచి అటు ఒక్క మాట పోలేదు, అటు నుంచి ఇటు రాలేదు.

ఆమె ఎందుకు మాన్పించిందో గల్లీ అంతా తెలుసు. నెల రోజులు జ్వరం. రోజూ ఇవ్వాల్సినన్ని బీడీలు ఇవ్వకపోతే కార్ఖానా కార్డు పోతుంది, కార్డు పోతే మళ్లీ దొరకదు. అందుకని బిడ్డను బీడీల చాట ముందు కూర్చోబెట్టింది. ఆయనకు ఎవరో సగం సంగతి చెప్పారు. ఆయన కోపంలో నాలుగు మాటలు అన్నాడు. ఆమెకు మనసు కష్టమై, ఆ మాటను దాచుకోలేదు, బయటే వదిలేసింది. దాచుకున్న పదకొండూ పోయాయి. వద్దనుకున్న ఒక్కటి ఉంది.

భీమవ్వ ప్రతి గురువారం వస్తున్నది. చేతులు కడుక్కొని వస్తుంది. బాగైందా అని అడగదు కూడా, నా ముఖం చూసి తిరిగి వెళ్లిపోతుంది. దానికన్నా తిడితే నయం. మార్చి ముప్పై ఒకటిన బోధన్ మిషను తీసేస్తారట, ప్రయోగం అయిపోయిందట. ఆరోజు ఇక్కడివన్నీ చెరిగిపోతాయి. నేను ఒక నిర్ణయానికి వచ్చాను. ఊరుకుంటాను. లైను పాడైంది అక్కా, అన్నీ పోయాయి అని చెప్తాను. ఆ ఒక్కటి కూడా వాటితోనే పోతుంది. మొగుడు చనిపోయిన మనిషికి, ఇదిగో నీ మొగుడు ఆఖరికి అన్న మాట, నీతో మాట్లాడను అన్నాడు, తీసుకో అని ఎలా ఇస్తాను? ఆమె మనసులో ఆ పదకొండు మాటలైనా మంచిగా ఉండనీ.

ఇది దయ అనుకుంటున్నాను. పిరికితనమేమో కూడా. నువ్వు ఏమంటావో రాయి, కానీ నా నిర్ణయం మారదు.

గంగమణి

*

బోధన్,
28 మార్చి 2005, సోమవారం

నన్ను తిట్టే హక్కున్న ఒకే ఒక్క అన్నకు,

నీ ఉత్తరం పద్దెనిమిదో తారీఖున వచ్చింది. చదివి ఉండచుట్టి మంచం కిందికి విసిరేశాను. సాయంత్రం మళ్లీ వెతికి తీసి, చాపి, చదివాను. అవ్వకు చదివి వినిపించలేదు, మొదటిసారి.

ఇంటికి పంపే నర్సన్న పెట్టె సర్దేటప్పుడు, ఆయన గదివాళ్లతో కలిసి మీరు ఆరుగురూ కొట్లాడుకున్న సంగతి రాశావు. ఆయన తెగిన చెప్పులు పెట్టాలా వద్దా అని. వద్దని నువ్వే అన్నావట, ఆమె చూసి ఏడుస్తుందని. చివరికి పెట్టారట. "ఆమె పడేస్తె ఆమె పడేస్తది, మనమెవలం" అని నర్సన్న పక్క మంచం ఆయన అన్నాడట. ఆ కింద నాకు ఒకే ఒక్క వాక్యం రాశావు. "ఏరేటందుకు నువ్వెవలవే?" బోర్డు మీద రాసినంత పెద్దగా రాశావు, కాగితం చిరిగేటట్టు.

చిన్నప్పుడు అవ్వ కార్ఖానాకు బీడీల గంప తీసుకొని పోయేటప్పుడు మనమిద్దరం వెంట పోయేవాళ్లం, గుర్తుందా? అక్కడ మంచివీ చెడ్డవీ ఏరే మనిషి ఒకడు కూర్చొని, కట్టలు చేతిలోకి తీసుకొని, తనకు నచ్చని బీడీలను అవ్వ కళ్లముందే పటుక్కున విరిచి పక్కకు పడేసేవాడు. అవ్వ ఇంటికి వచ్చేదాకా మాట్లాడేది కాదు. పెద్దయ్యాక ఏమైనా అవుతాను గానీ ఆ మనిషిని మాత్రం కాను అనుకున్నాను. అయ్యాను చూడు.

నిన్న ఈస్టర్. సీమోను చర్చి నుంచి తెల్ల చొక్కాతోనే వచ్చి మధ్యాహ్నం బూత్ తెరిచాడు. అందరికీ కబురు పంపాను. ముప్పై మంది దాకా వచ్చారు, లోపల పట్టక మెట్ల మీద, చెరకు బండ్లు పోయే రోడ్డు పక్కన కూడా కూర్చున్నారు. కొందరు చాటలు కూడా తెచ్చుకున్నారు, చేతులు ఊరికే ఉండలేవు కదా. లైను పాడైందని చెప్పడానికి నోరు తెరిచాను, రాలేదు. "అది బియ్యం డబ్బా కాదు, చెత్తడబ్బా. గీసింది నేనే. అండ్ల ఏసినయన్ని పోయినయి" అన్నాను.

బీడీలు చుట్టే చేతులు ఆగిపోయాయి. పెంటవ్వ లేచి నిలబడింది. "మా మొగోళ్ల మాటలు చెత్తల వోసినవా బిడ్డా" అన్నది. అరిచి అనలేదు, అదే నాకు ఎక్కువ తగిలింది. చాట సంకలో పెట్టుకొని వెళ్లిపోయింది. ఆమె వెంట పదిమంది పోయారు. ఒకామె కూర్చొని, "చెత్తకు మూత ఎందుకుంటది" అని తనలో తనే గొణుక్కుంటున్నది. మొదటి రోజు నేను అడిగింది కూడా అదే.

అందరూ పోయాక భీమవ్వ మిగిలింది. నేను ఆమె ముఖం చూడలేక మిషను వైర్లు సర్దుతున్నాను. నర్సన్న మాట ఎలా మొదలుపెట్టాలా అని లోపల కొట్టుకుంటున్నాను. ఆమే అడిగింది.

"ఒగటి నేను డబ్బల ఎయ్యలే గంగమణీ. కోపమొచ్చి బైటనే ఇడిసిపెట్టిన. అదన్న ఉన్నదా?"

ఉందన్నాను. విన్నానని కూడా చెప్పాను. రెండు నెలలుగా ఉందని, దాచానని చెప్పాను. ఆమె స్టూలు దగ్గరికి జరుపుకున్నది. పట్టా పుస్తకం బొమ్మ మీద ఎలా వేలు పెట్టాలో చూపించాను.

నర్సన్న గొంతు వచ్చింది. అదే కోపం, అవే మాటలు. ఆమె కళ్లు మూసుకొని విన్నది. అయిపోగానే మళ్లీ నొక్కింది. నాలుగుసార్లు విన్నది అన్నా. "నీతోని మాట్లాడ" అని వచ్చిన ప్రతిసారీ ఆమె పెదవి వంకర పోయేది, ఎదురుగా కూర్చొని ఉన్న మనిషితో అలిగినట్టు. ఐదోసారికి సీమోను టేప్ రికార్డర్ తెచ్చి స్పీకర్ దగ్గర పట్టుకున్నాడు. బయట చెరకు బండి ఎద్దుల గంటలు కూడా అందులో పడ్డాయి. పడితే పడనీ అన్నది.

ఇన్నాళ్లూ నేను భయపడ్డ మాట ఇది. ఆమె కళ్లలో నీళ్లు వచ్చాయి, నిజమే. కానీ ముఖం చూస్తే ఎవరో వచ్చి తలుపు కొట్టినట్టుంది. "మంచి మాటలు అందరాడుతరు. గీ గొంతు ఇంట్ల గొంతు" అన్నది. ఆ తర్వాత, నేను జవాబు చెప్పొచ్చా అని అడిగింది.

ఎవరికి అని నేను అడగలేదు. మాట్లాడే బొమ్మ నొక్కి ఇచ్చి పక్కకు జరిగాను. ఆమె కొంగు సరిచేసుకొని, అద్దానికి దగ్గరగా వంగి చెప్పింది. "పొల్లను బడికి తోలిన. నువ్వన్న ఎనిమిదోనాడే తోలిన. ఏడో తరగతి సదువుతున్నది. నువ్వే ముందుగాల మాట్లాడుతవని సూసిన." ఇంకేదో చెప్పబోయి ఆగింది. పంపాలా అని మిషను పచ్చటి టిక్కు చూపించింది. నొక్కింది.

వెళ్లేముందు నేను అడిగాను, బాపు అడిగినట్టు అడిగాను. పడేయడానికి ఏ బొమ్మ పెట్టాలి అక్కా, ఏది చూస్తే నీకు పడేసినట్టు తెలుస్తుంది అని. ఆమె ఆలోచించలేదు. రెండు చేతులూ ముందుకు చాపి, వేళ్ల మధ్య లేని బీడీని పటుక్కున విరిచింది. రాత్రి అన్నం తినే ముందు ముప్పై రెండు గళ్లలో అదే గీశాను, ఒక బీడీ, రెండు చేతులు. అవ్వకు చూపించి ఏమీ చెప్పకుండా ఇదేమిటి అని అడిగాను. "మా సరుకు ఇరిసెటోని చెయ్యి, పాడువడ" అన్నది. బొమ్మ పాసైనట్టే. పొద్దున హైదరాబాద్‌కు ఫ్యాక్స్‌లో పంపాను. బీడీ బొమ్మ ఆరోగ్యానికి మంచిది కాదని సారు నిమిషంలో కొట్టేశాడు. నవ్వొచ్చింది, నిజంగా. ఉద్యోగం వద్దని రాసిన కాగితం కూడా దాంతోపాటే పంపాను, దాన్ని మాత్రం కొట్టేయలేదు.

పెంటవ్వ ఇంటికి రేపు పోతాను. తలుపు తీయకపోతే ఎల్లుండి పోతాను.

అన్నా, ఇప్పుడు నీకొక పని. గురువారం ఇక్కడ మిషను తీసేస్తారు, మీ కిరాణా దుకాణంలోది మాత్రం ఏప్రిల్ ఆఖరుదాకా ఉంటుంది. అక్కడ నర్సన్న గుర్తు నాగలి. ఈ ఉత్తరం చేరేసరికి నాగలి పక్కన ఎర్ర చుక్క వెలుగుతూ ఉంటుంది, ఎవరూ వినని మాట ఒకటి ఉందని. నువ్వు పో. ఆయన పక్క మంచం ఆయనను కూడా తీసుకొని పో. చుక్క నొక్కి, చివరిదాకా వినండి. ఎవరో ఒకరు విన్నారని నేను భీమవ్వకు చెప్పాలి.

విన్నాక కింద డబ్బా బొమ్మ కనపడుతుంది. మూత, పిడి, నడుముకు రెండు గీతలు. దాన్ని మాత్రం ముట్టుకోకు.

నీ చెల్లె,
గంగమణి